కిక్ రాడ్ లేని బళ్లు

త్రిపురాంతకం సెంటర్లో టీ బంకు ముందు పొద్దున్నే బళ్లు వరసగా ఆగుతాయి. చేలో కొట్టడానికి మందు డబ్బాలు తీసుకెళ్లేవాళ్లు, మార్కాపురం ఆసుపత్రికి పోయేవాళ్లు, కొండమీద త్రిపురాంతకేశ్వరుడి దర్శనానికి వచ్చినవాళ్లు. ఈమధ్య ఆ వరస చూస్తుంటే ఒక సంగతి కంటబడింది. చాలా బళ్లకు కిక్ రాడ్ లేదు. అది ఉండాల్సిన చోట ఇంజను మూత నున్నగా ఉంది. టీ తాగి వచ్చిన కుర్రాడు తాళం తిప్పి, బొటనవేలితో మీట నొక్కాడు. బండి వెంటనే అందుకుంది. సెల్‌ఫోన్లో మాట ఆపకుండానే వెళ్లిపోయాడు.

మా చిన్నప్పుడు బండి స్టార్ట్ కాలేదంటే ఆ సంగతి వీధి మొత్తానికి తెలిసేది. దాన్ని స్టార్ట్ చేసే విద్య కూడా వీధి మొత్తానికి ఎంతో కొంత తెలిసేది. కిక్ రాడ్‌తో పాటు ఆ విద్య కూడా మా ఊరి నుంచి మెల్లగా తరలిపోయింది. అది ఎలా ఉండేదో తెలిసినవాళ్లం ఇంకా ఉండగానే రాసిపెట్టాలనిపించింది.

తెల్లవారి చప్పుళ్లు

అప్పట్లో మంచం మీద కళ్లు తెరవకుండానే ఏ ఇంటి బండి బయలుదేరుతోందో చెప్పగలిగేవాళ్లం. కాంట్రాక్టరు గారి ఇంట్లో బుల్లెట్, ఎరువుల కొట్టాయనకు రాజ్‌దూత్, హైస్కూలు మాస్టారికి చేతక్, పాలు పోసే మామకు టీవీఎస్ ఫిఫ్టీ. వినుకొండ నుంచి అప్పుడప్పుడూ వచ్చే ఒక బంధువుకు యెజ్డీ. ఒక్కో బండిది ఒక్కో గొంతు. స్టార్ట్ చేసే పద్ధతీ దేనిది దానికే.

బుల్లెట్ దగ్గర బలం కన్నా ఓపిక ముఖ్యం. తాళం తిప్పగానే హెడ్‌లైట్ డొప్ప మీది ఆంపియర్ మీటరు వైపు చూడాలి. కిక్ మీద కాలు పెట్టి మెల్లగా దించుతుంటే ముల్లు ఒకసారి మైనస్ వైపు వాలుతుంది, మళ్లీ నడిమికి వస్తుంది. సరిగ్గా అక్కడ కాలు ఆపాలి. ఎడమచేతి వేళ్లతో, ఇంజను లోపలి నొక్కుడు వదిలించే డీకంప్రెసర్ మీట పట్టి, కిక్‌ను ఇంకొంచెం దించి, మీట వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క దెబ్బ కొట్టాలి. అన్నీ కుదిరితే ఒక్క కిక్కుకే అందుకునేది. తొందరపడితే కిక్ వెనక్కి తన్నేది. ఆ దెబ్బకు చీలమండ వాచి నెలల తరబడి కుంటినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ బండి మా ప్రాంతానికి కాంట్రాక్టర్లతోనూ పోలీసులతోనూ వచ్చింది. దాన్ని స్టార్ట్ చేయగలిగినవాడికి ఒక గౌరవం ఉండేది.

మైసూరులో తయారైన యెజ్డీది ఇంకో తీరు. ఎడమపక్క ఒకటే మీట. కిందికి ఉంటే గేరు, లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్. కొత్తగా చూసినవాళ్లు కిక్ కోసం బండి చుట్టూ వెతికేవాళ్లు. చేతక్‌ను రాత్రంతా నిలబెట్టాక పొద్దున ఒకసారి పక్కకు వాల్చి పట్టుకునేవాళ్లు. కార్బొరేటర్లోకి పెట్రోలు దిగడానికి. మాస్టారు రోజూ బడికి బయలుదేరే ముందు దాన్ని అలా వాల్చడం చూసి, మేమూ సంచులు భుజాన వేసుకునేవాళ్లం. టీవీఎస్ ఫిఫ్టీకి పెడళ్లే దిక్కు. స్టాండు మీదే తొక్కి, ఇంజను అందుకున్నాక దించేవాళ్లు.

చలికాలం నల్లమల వైపు నుంచి గాలి వీచే రోజుల్లో ఈ తతంగం ఇంకాసేపు సాగేది. చోక్ ఎత్తి రెండు కిక్కులు, దించి రెండు. ఎక్కువసార్లు కొడితే ప్లగ్ పెట్రోలుతో తడిసిపోయేది. ఆ వాసన గుమ్మం దాకా రాగానే ఎదురింటి పెద్దాయన అరుగు మీద నుంచే చెప్పేవాడు: “ఓవర్‌ఫ్లో అయింది నాయనా, ఇంక కొట్టమాక. పెట్రోలు కట్టేసి, రేసు పూర్తిగా తిప్పి కొట్టు.” ఆయనకు సొంత బండి లేదు. ఎప్పుడూ నడపనూ లేదు. ఏళ్ల తరబడి అరుగు మీద కూర్చుని వినడం వల్ల వచ్చిన విద్య అది.

ముందు పెట్రోలు, తర్వాత కరెంటు

ఇంట్లో కుదరకపోతే బండిని రోడ్డు మీది షెడ్డుకు తోసుకెళ్లేవాళ్లు. వేపచెట్టు కింద నాలుగు రేకులు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకు తగిలించిన పాత ట్యూబులు. మెకానిక్‌ను ఊరంతా భాయ్ అనే పిలిచేది. ఆయన దగ్గర ఒక వరస ఉండేది. బండి ఎవరిదైనా, ఎంత తొందరలో ఉన్నా ఆ వరస తప్పేవాడు కాదు.

మొదట ట్యాంకు మూత తీసి బండిని ఊపేవాడు, లోపల చప్పుడు వినడానికి. తర్వాత పెట్రోలు కాక్ చూసేవాడు, రిజర్వుకు తిప్పేవాడు. పైపు ఊడదీసి పెట్రోలు ధారగా వస్తోందా, చుక్కలుగా వస్తోందా చూసేవాడు. అది బాగుంటే తన మాటల్లో “పెట్రోలు పాస్”. ఆ తర్వాతే కరెంటు.

ప్లగ్ పానాతో ప్లగ్ విప్పి ఎండకేసి తిప్పి చూసేవాడు. మొన చూస్తే ఇంజను లోపలి సంగతి తెలుస్తుంది. ఇటుకపొడి రంగులో ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లటి పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతున్నట్టు. చూసిందేమిటో బండి ఆసామికి చూపించి చెప్పేవాడు. ఉప్పుకాగితంతో మసి గీకి, గుడ్డపీలికతో తుడిచి, రెండు మొనల నడిమి సందు సరిచేసేవాడు. ఆ సందు చాలా బళ్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ ఉన్నా, ఆయన కన్నే ముందు చెప్పేది.

తర్వాత ప్లగ్‌ను మళ్లీ క్యాపులో పెట్టి, ఇంజను రెక్కలకు ఆనించి పట్టుకుని “కొట్టన్నా” అనేవాడు. ఆసామి కిక్ కొట్టేవాడు. మేమంతా వంగి, ఎండ పడకుండా అరచేతులు అడ్డం పెట్టి చూసేవాళ్లం. చిటుక్కుమని నీలం రంగు నిప్పురవ్వ దూకితే కరెంటు బాగున్నట్టు. ఎర్రగా, పల్చగా ఉంటే బలం లేనట్టు. అసలు రాకపోతే వెతుకులాట వెనక్కి నడిచేది: క్యాపు, వైరు, కాయిల్, కండెన్సర్, చివరికి మ్యాగ్నెట్ మూత విప్పితే కనిపించే ప్లాటినం పాయింట్లు. అవి నిమిషానికి వేలసార్లు కలిసి విడిపోయే రెండు చిన్న బొడిపెలు. కలిసినప్పుడు కాయిల్లో కరెంటు నిండుతుంది. విడిపోయిన క్షణంలో అది ఎన్నో వేల ఓల్టులై ప్లగ్ దగ్గర దూకుతుంది. కాలి గుంటలు పడితే నిప్పు రాదు. పాయింట్ల మధ్య ఉప్పుకాగితం మడిచి రెండుసార్లు లాగడం, వాటి సందు చూడడం భాయ్ దగ్గర చేరిన పిల్లాడికి నేర్పే మొదటి పనులు.

ఆ వరసలో ఒక తర్కం ఉంది. ఇంజనుకు కావలసింది పెట్రోలు, గాలి, నిప్పు, లోపల నొక్కుడు. ఒక్కోటి పరీక్షించి పక్కన పెడుతూ పోతే తప్పు ఎక్కడో ఒకచోట దొరికి తీరుతుంది. సైన్సు పాఠంలో చదివిన పద్ధతిని నేను మొదట కళ్లారా చూసింది ఆ వేపచెట్టు కిందే. భాయ్ బడికి పోయింది తక్కువ. అయినా ఊహతో దేన్నీ మార్చేవాడు కాదు. పరీక్షించకుండా కొత్త సామాను వేయడం ఆయన దృష్టిలో తప్పు.

బ్యాటరీ గది

షెడ్డు వెనక చీకటి గది ఒకటి ఉండేది. అందులోకి పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. గుమ్మంలో నిలబడితే ముక్కుకు ఘాటు తగిలేది. చెక్క బల్ల మీద బ్యాటరీలు బారుగా, ఒకదాని ప్లస్ నుంచి ఇంకోదాని మైనస్‌కు వైర్లు. లారీవి, ట్రాక్టరువి, మైకుసెట్టువి, వాటి మధ్య చిన్నగా బళ్లవి. మూతలు విప్పి ఉండేవి. లోపల నీళ్లు సన్నగా బుడబుడమనేవి. ఎవరి బ్యాటరీ ఏదో తెలియడానికి దాని నల్ల డబ్బా మీద పలకపుల్లతో పేరు రాసేవాళ్లు. మార్కాపురం పలకల ఊరు కనుక పలకపుల్లకు మా వైపు ఏనాడూ కరువు లేదు.

బ్యాటరీని దాని సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో నింపాలన్నది అక్కడి నియమం. బండికి వేసే అయిదు ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియర్ అన్నమాట. అంటే రాత్రంతా పడుతుంది. మధ్యలో కరెంటు పోతే రెండో రోజు. తొందరగా కావాలని ఎక్కువ కరెంటు ఇస్తే ప్లేట్లు వేడెక్కి వంగిపోతాయి. అందుకని ఎంత పెద్దమనిషి అడిగినా “రేపు సాయంత్రం రండి” అనే చెప్పేవాళ్లు.

చార్జింగ్ అయిందో లేదో హైడ్రోమీటరు చెప్పేది. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజు పుల్ల. ఆ పుల్ల మీద ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు. ఒక్కో గడిలో ముంచి ద్రవం పీల్చి, కంటి ఎత్తుకు లేపి చూసేవాళ్లు. పన్నెండు ఎనభై వస్తే నిండు బ్యాటరీ. అంటే నీటి కన్నా 1.28 రెట్లు బరువైన ద్రవం. పన్నెండు ఓల్టుల బ్యాటరీలో ఆరు గడులు, పాత ఆరు ఓల్టుల దానిలో మూడు. అన్నీ బాగుండి ఒక్క గడి ఎరుపులో ఆగితే ఆ గడి చచ్చినట్టే. మిగతా అయిదూ దాని భారం మోయలేవు.

నీళ్ల సంగతి మా ప్రాంతంలో ప్రత్యేకం. బ్యాటరీ పనిచేసే కొద్దీ నీరు ఆవిరై, వాయువై పోతుంది, ఆసిడ్ మిగులుతుంది. కనుక పైన పోయాల్సింది ఆసిడ్ కాదు, ఉప్పులేవీ లేని డిస్టిల్డ్ వాటర్. మార్కాపురం వైపు రోళ్లు పగిలే ఎండలు. వేసవిలో పదిహేను రోజులకోసారి బ్యాటరీ మీది నీటిమట్టం గీత చూడకపోతే ప్లేట్లు బయటపడేవి. సీసా కొనడానికి బద్ధకించి బోరు నీళ్లు పోసినవాళ్లు మళ్లీ భాయ్ దగ్గరికే వచ్చేవాళ్లు. ఫ్లోరైడ్‌తో పళ్లకు గారపట్టించి, ఎముకలను వంచే నీళ్లు మావి. “ఈ నీళ్లు మనుషులకే పడటం లేదు, బ్యాటరీకి పడతాయా అన్నా?” అనేవాడాయన. కొందరు ఇళ్లలో వానాకాలం ఆరుబయట స్టీలు గిన్నె పెట్టి, కప్పు మీది నీళ్లు పడకుండా నేరుగా ఆకాశం నుంచి పడ్డ చినుకులే సీసాలో దాచుకునేవాళ్లు. బ్యాటరీ కోసం వాననీళ్లు దాచిన ఊరు మాది.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకునేది. దాన్ని వేణ్ణీళ్లతో కడిగి, ఆరబెట్టి, వ్యాజలైన్ రాయాలి. చాలా బళ్లకు జబ్బు ఇంతే. బ్యాటరీ బాగానే ఉండి, ఆ పొడి అడ్డంపడి కరెంటు దాటేది కాదు. భాయ్ దానికి డబ్బులు తీసుకునేవాడు కాదు, టీ మాత్రం తాగేవాడు.

దారిలో ఆగితే

గుంటూరు నుంచి కర్నూలు పోయే రోడ్డు మా ఊరి మీదుగా నల్లమల వైపు సాగుతుంది. దోర్నాల దాటితే అడవి, ఘాట్ రోడ్డు, శ్రీశైలం. త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. శివరాత్రి రోజుల్లో నడిచేవాళ్లతో పాటు బళ్ల మీద వెళ్లేవాళ్లూ బారులు తీరేవాళ్లు. ఘాట్ రోడ్డుకు పోయే ముందు మా ఊళ్లో ఆగి ప్లగ్ శుభ్రం చేయించుకోవడం, ఇంకో ప్లగ్ జేబులో వేసుకోవడం ఆ రోజుల్లో యాత్రలో భాగం. రాత్రిళ్లు అడవి దారిలో గేటు వేసేస్తారు కనుక పొద్దుండగానే దాటాలన్న తొందర అందరికీ ఉండేది.

దారిలో బండి ఆగితే ఎదురొచ్చినవాడు తప్పకుండా ఆగేవాడు. పలకరింపు ఒకటే: “ఏందబ్బాయ్, పెట్రోలా, ప్లగ్గా?” సీటు కింద టూల్ కిట్ లేని బండి ఉండేది కాదు. ఒకరి పానా ఇంకొకరి ప్లగ్ విప్పేది. పెట్రోలు లేకపోతే పైపు ఊడదీసి సీసాలోకి పట్టి ఇచ్చేవాళ్లు. బ్యాటరీ దిగిపోతే తోపుడే. ఇద్దరు వెనక నుంచి తోస్తుంటే పైన కూర్చున్నవాడు క్లచ్ పట్టి రెండో గేరులో ఉంచుకుని, వేగం అందాక ఒక్కసారి క్లచ్ వదిలేవాడు. వెనక చక్రం ఇంజనును తిప్పేది. బండి ఒకసారి ముక్కి, పొగ వదిలి, అందుకునేది. తోసినవాళ్లకు దండం పెట్టడానికి కూడా ఆగకూడదు. మళ్లీ ఆగిపోతుందని అందరికీ తెలుసు. చెయ్యి ఊపుతూ వెళ్లిపోతే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

బ్యాటరీ మీద నమ్మకం లేనివాళ్లు కొండమీద గుడికి వస్తే దిగుడున్న చోటు చూసి బండి పెట్టేవాళ్లు. దర్శనం అయ్యాక తోసే మనిషి అక్కర్లేకుండా వాలులోనే స్టార్ట్ చేసుకునేవాళ్లు. ఆ వాలు కోసం పొద్దున్నే పోటీ ఉండేది.

మార్పు ఎలా వచ్చింది

ఆ విద్య ఒక్కరోజులో పోలేదు. మొదట ప్లాటినం పాయింట్లు పోయాయి. వాటి స్థానంలో సీడీఐ అనే నల్ల డబ్బా వచ్చింది. అందులో అరిగేది, గీకేది ఏమీ లేదు. పనిచేస్తుంది, లేదా మార్చాలి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ హండ్రెడ్, ఆ తర్వాతి స్ప్లెండర్ మా పల్లెల్లోకి దిగాక కిక్కుల లెక్క ఒకటికో రెండుకో తగ్గిపోయింది. ఆ కాలపు వంద సీసీ బళ్లలో చాలావాటికి ప్లగ్ కరెంటు మ్యాగ్నెట్ నుంచే వచ్చేది. బ్యాటరీ ఊడదీసినా బండి నడిచేది. హారన్, ఇండికేటర్లు లాంటివి మాత్రమే ఆగిపోయేవి. మా వైపు రైతులు అలా ఏళ్ల తరబడి నడిపారు.

తర్వాత సెల్ఫ్ స్టార్ట్ వచ్చింది. దాంతో పాటు నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ బ్యాటరీ. తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో మొదలైన అమర రాజా లాంటి కంపెనీల బ్యాటరీలు మండల కేంద్రాల దాకా వచ్చాయి. మూత లేని బ్యాటరీలో హైడ్రోమీటరు ముంచేది ఎక్కడ? పలకపుల్ల పేర్లు, ఘాటు వాసన ఉన్న ఆ గది ముందు సామాన్ల గోడౌన్ అయింది, తర్వాత సెల్‌ఫోన్ల కొట్టు అయింది.

బండికి కరెంటు అవసరమూ పెరుగుతూ వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు ఇంజను నడిచినంతసేపూ లైటు వెలగడం తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ సిక్స్ నిబంధనలు వచ్చాక చాలా బళ్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు పెట్రోలు దిగాలంటే పంపు తిరగాలి, పంపుకు కరెంటు కావాలి, ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్కించే చిన్న కంప్యూటరుకూ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా లాభం తక్కువ. స్ప్లెండర్ లాంటి కొన్నిటికి కిక్ ఇంకా మిగిలింది కానీ, దాన్ని వాడే కాళ్లు తగ్గిపోయాయి.

లాభం, నష్టం

లాభం చిన్నదేమీ కాదు. కిక్ కాలంలో బండి మగవాళ్లదే. పట్టు చీర కట్టుకున్నా కాటన్ చీర కట్టుకున్నా ఆడవాళ్ల చోటు వెనక సీటే. సెల్ఫ్ మీట ఆ గీతను చెరిపేసింది. ఇవాళ మార్కాపురం నుంచి పల్లెలకు స్కూటర్ల మీద వెళ్లే టీచరమ్మలు, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు, నర్సమ్మలు ఎవరినీ తోడు అడగకుండా పని చూసుకుని వస్తున్నారు. రాత్రివేళ ఒంటరిగా రోడ్డు మీద బండి ఆగిపోతుందన్న భయం చాలా తగ్గింది. ఈ ఒక్క లాభం ముందు నా జ్ఞాపకాలన్నీ చిన్నవే అని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

బ్యాటరీ గదిలో పనిచేసిన కుర్రాళ్ల చేతులు కూడా నాకు గుర్తున్నాయి. ప్యాంట్ల నిండా ఆసిడ్ చిల్లులు, వేళ్ల మీద పొక్కులు. నీళ్లలో ఆసిడ్ పోయాలి గానీ ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదన్న సంగతి కాలిన చేతులతోనే నేర్చుకున్నారు. వాడేసిన ఆసిడ్ కాలవలోకి పోయేది. సీసం ఎంత విషమో ఎవరికీ చెప్పినవాళ్లు లేరు. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలన్న నిబంధనలు 2001లో వచ్చాయి, 2022లో ఇంకా గట్టిపడ్డాయి. ఆ గది మూతపడినందుకు నాకు విచారం లేదు.

నష్టం వేరేచోట ఉంది. ఇప్పుడు బండి ఆగడం అరుదు. కానీ ఆగితే దాని ముందు మనిషి నిస్సహాయుడు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. ఎందుకో చెప్పే యంత్రం షోరూములో ఉంటుంది, షోరూము మార్కాపురంలోనో ఒంగోలులోనో ఉంటుంది. దారినపోయేవాడు ఆగినా చేయగలిగింది లేదు కనుక, ఆగడం మానేశాడు. అతని మనసు గట్టిపడిందని నేను అనుకోను. అతని చేతిలో ఉన్న సాయాన్ని యంత్రం అక్కర్లేకుండా చేసింది. అరుగు మీది పెద్దాయనకూ చెప్పడానికి ఏమీ మిగల్లేదు. భాయ్ దగ్గర ఉప్పుకాగితంతో మొదలుపెట్టి సొంత షెడ్డు దాకా ఎదిగిన పిల్లలకు ఉన్న దారి, ఇప్పుడు బడి మానేసిన పిల్లాడికి లేదు.

అయినా ఆ విద్య పూర్తిగా పనికిరానిదైపోలేదు. మల్టీమీటరు ఇప్పుడు ఏ ఎలక్ట్రికల్ కొట్లోనైనా దొరుకుతుంది. రాత్రి ఆపిన బండి బ్యాటరీ పొద్దున 12.6 ఓల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, పన్నెండు కిందికి దిగితే చార్జింగ్ కావాలి. ఇంజను నడుస్తుండగా పద్నాలుగు దగ్గరకు రాకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, దాన్ని నింపే చోట ఉండవచ్చు. మీట నొక్కితే టకటకమని మాత్రమే వినిపిస్తే ముందు టెర్మినళ్లు బిగించి చూడాలి. వేల రూపాయలు పెట్టి కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ మూడూ చూడడానికి పది నిమిషాలు చాలు. భాయ్ వరస ఇదే, పనిముట్టు మారింది.

మండలానికో హైస్కూలు ఉంది. అక్కడ కరెంటు పాఠం ఉంది. బడి ఆవరణలోకి ఒక పాత బండిని తెచ్చి, ఆడపిల్లల చేతికీ మగపిల్లల చేతికీ పానా, మల్టీమీటరు ఇచ్చి, తప్పు ఎక్కడుందో వరసగా వెతకమంటే చాలు. మా తరానికి వేపచెట్టు కింద ఊరికే దొరికింది, వాళ్లకు ఎవరో ఒకరు పూనుకుని ఇవ్వాలి. కిక్ రాడ్ మళ్లీ రానక్కర్లేదు. ఆగిపోయినదాన్ని చూసి బెదరకుండా, ముందు ఏమిటి, తర్వాత ఏమిటి అని అడిగే అలవాటు మాత్రం మా పిల్లలకు ఉండాలి.